ఆగిపోయిన టాంకు

ద్రాక్షపిన్ని అన్నది వాళ్ళ అక్క పిల్లలు పెట్టిన పేరు. పిల్లల నోటి నుంచి అక్క నోటికి, అక్క నోటి నుంచి వీధిలోకి పాకి, చివరికి కట్టుకున్న భర్తకు కూడా అదే అలవాటైపోయింది. ఎవరైనా తలుపు తడితే "మా ద్రాక్షపిన్ని ఇంట్లో లేదండీ, ఊరెళ్ళింది" అనేవారు. ఊరంటే బస్సెక్కి వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చే ఊరు కాదు. రెండు విమానాలు మారి, సముద్రం దాటి, భాష తెలియని చోట దిగి, ద్రాక్షని వైన్ చేసి రావడం ఆవిడ ఉద్యోగం.

ఆయన బడిలో భూగోళం మాస్టారు. పటం మీద పుల్ల పెట్టి దేశాలు చూపించడం ఆయన పని, ఆ దేశాల్లో చెప్పులు అరగదీయడం ఆవిడ పని. "మా ఇంట్లో థియరీ నాది, ప్రాక్టికల్స్ ఆవిడవి" అని స్టాఫ్ రూమ్‌లో చెప్పి అందరికంటే ముందు తనే నవ్వేవారు. భూమికి పై సగంలో ద్రాక్ష కోతకొచ్చినప్పుడు కింది సగంలో తీగలు అప్పుడే చిగురేస్తుంటాయి. అక్కడ పండే వేళకి ఇక్కడ ఆకులు రాలిపోయి ఉంటాయి. కాబట్టి వైన్ చెయ్యడం తెలిసి, కాళ్ళలో సత్తువున్న మనిషికి ఏడాదికి రెండు కోతలు. ద్రాక్షపిన్ని జీవితంలో సగం అలా కోతల వెంట తిరగడంలోనే గడిచింది. ఒకచోట సున్నపురాయి నేల, మరోచోట ఇసుక, ఇంకోచోట పొలం గట్టు మీద నిలబడితే మంచుకొండలు. పెట్టెలో ఎప్పుడూ ఒక ఉన్ని కోటు, ఒక జత రబ్బరు బూట్లు ఉండేవి. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఆ పెట్టె మంచం కిందే, పూర్తిగా ఖాళీ అవకుండా.

చుట్టాలకి ఆవిడ ఉద్యోగం ఒక పట్టాన అర్థమయ్యేది కాదు. "తాగడమేనా పని?" అని ఒక మేనమామ పెళ్ళిలో అందరి ముందూ అడిగాడు. తాగనండీ, నోట్లో పోసుకుని రుచి చూసి ఉమ్మేస్తాను అని ఆవిడ ఓపిగ్గా చెప్పింది. అది విన్న అత్తగారు ఇంటికొచ్చాక కొడుకుని చాటుగా పిలిచి, "ఒరేయ్, ఉమ్మినందుకు జీతాలిచ్చే దేశాలున్నాయా? నిజం చెప్పు" అంది. అయినా ఆ అత్తగారే, కోడలు విమానం ఎక్కిన ప్రతిసారీ తన మంచం తెచ్చి మనవరాలి మంచం పక్కన వేసుకునేది. ఆ పిల్లకి జడలు వెయ్యడం, పాఠాలు అప్పజెప్పించుకోవడం, అబద్ధం చెబితే చెవి మెలిపెట్టడం అన్నీ ఆవిడే.

కోత నుంచి తిరిగొచ్చాక చాలా రోజులు ద్రాక్షపిన్ని అరచేతులు ఊదారంగులో ఉండేవి. గోళ్ళ చుట్టూ, వేళ్ళ గీతల్లో నల్లగా మరక. నిమ్మచెక్కతో రుద్దినా వదిలేది కాదు. ఒకసారి బడిలో తల్లిదండ్రుల సమావేశానికి వెళితే పక్కన కూర్చున్నావిడ ఆ చేతుల వంక చూసి, "ఇంకు ఫ్యాక్టరీలోనాండీ పని?" అని జాలిగా అడిగింది. అవునండీ అనేసింది పిన్ని. వివరించే ఓపిక లేక.

ఇదంతా ఇప్పుడు పాత మాట. పిన్నికి మోకాళ్ళు అరిగాయి, మాస్టారు బడి నుంచి రిటైరయ్యారు, అత్తగారు గోడ మీద పటమయ్యారు, పాప పెద్దదై తన ఇల్లు తను చూసుకుంటోంది. పిన్ని పని మానుకున్న ఏడు, ఆవిడ మొదటిసారి పెద్ద హోదాలో వైన్ చేసిన చోటు నుంచి పిలుపొచ్చింది. కొండవాలులో ఉన్న పాత వైనరీ అది. కొత్త భవనం కట్టుకున్నారు, పాత నేలమాళిగని మూసేస్తున్నారు. మూసేముందు, అందులో పనిచేసిన వాళ్ళందరినీ ఒక భోజనానికి పిలుస్తున్నారు.

"నేనెందుకులే ఇప్పుడు" అంది పిన్ని.

"వెళ్ళమ్మా" అంది కూతురు. "నాన్నని కూడా తీసుకెళ్ళు. ఆయన ఇప్పటిదాకా ఏ దేశానికైనా వెళ్ళారంటే అది నల్లబల్ల మీదే."

అలా, పెళ్ళయిన ఇన్నేళ్ళకి మాస్టారు మొదటిసారి విమానం ఎక్కారు. దారిపొడుగునా కిటికీ వదల్లేదు. కింద ఒక నది వంపు తిరుగుతుంటే "చూడు, చూడు, సరిగ్గా పటంలో ఉన్నట్టే ఉంది" అని నిద్రపోతున్న పిన్నిని లేపారు. పటం సరిగ్గానే గీశారన్న సంతోషం ఆయనది.

వైనరీ అతిథుల గదిలో పెట్టె దించాక పిన్ని కిటికీ తెరిచింది. ఎదురుగా అదే వాలు, అవే వరసలు, దూరంగా అదే రేకుల షెడ్డు. తడి చెక్క, రాతిగోడల చెమ్మ, లోపలెక్కడో పులిసిన ద్రాక్ష తొక్కు కలిసిన పాత వాసన. ఆ వాసన తగలగానే పిన్నికి వెన్ను నిటారుగా అయింది. పాతికేళ్ళ నాడు ఇదే ఆవరణలో పరుగులాంటి నడకతో తిరిగిన మనిషి ఒక్క క్షణం వెనక్కొచ్చి నిలబడ్డట్టయింది. దానితోపాటే, ఆ ఏటి ముల్లు కూడా.

అది ఆవిడకి అన్నీ తనే చూసుకోవలసి వచ్చిన మొదటి కోత. అంతకు ముందు నాలుగైదు చోట్ల గొట్టాలు కడిగింది, పీపాలు దొర్లించింది, ఎవరో చెప్పినట్టు చేసింది. ఇక్కడ నిర్ణయం తనది. ఆ ఏడు కోత మధ్యలోనే చలి దిగింది. కొండవాలు పంటలో సగం పోసిన పెద్ద సిమెంటు టాంకు, బుసబుసా పొంగుతున్నదల్లా ఒక ఉదయం చప్పుడు ఆపేసింది. చెవి ఆనిస్తే గోడకి ఆనించినట్టే ఉంది. రసంలో తీపి ఇంకా మిగిలే ఉంది, దాన్ని తినవలసిన ఈస్ట్ చలికి సొమ్మసిల్లింది. అలా వదిలేస్తే తీపికి వేరే క్రిములు పట్టి మొత్తం వెనిగర్ అయిపోతుంది. ఏడాది పాటు ఆ వాలు మీద వంగిన నడుములన్నీ వృథా.

చెయ్యగలిగింది ఒకటే. బకెట్టులో గోరువెచ్చటి నీళ్ళతో కొత్త ఈస్ట్ లేపి, ఆగిపోయిన వైన్‌ని దానికి గ్లాసు గ్లాసుగా అలవాటు చెయ్యాలి. బకెట్టులోది పీపాకి పెంచి, పీపాలోది చిన్న టాంకుకి పెంచి, చివరికి పెద్దదాంట్లో కలపాలి. తొందరపడితే కొత్తదీ చచ్చి ఊరుకుంటుంది. పిన్ని టాంకు పైన వేసిన చెక్కల మీదే కాపరం పెట్టింది. అక్కడే రొట్టె తినేది, అక్కడే గోడకి జారబడి కునుకు తీసేది. కింద నేలమాళిగని చూసుకునే పెద్దాయన, బుంగమీసాలూ మోటు చేతులూ ఉన్న మనిషి, నిచ్చెన మీంచి వేడినీళ్ళ బకెట్లు అందించేవాడు. ఆవిడ పొట్టిగా ఉండటంతో టాంకులోకి తొంగి చూడాలంటే కాళ్ళ కింద ఒక చెక్కపెట్టె వేసుకోవాల్సొచ్చేది. ఆ పెట్టెని కూడా ఆయనే మోసుకొచ్చేవాడు. అక్కడందరికీ ఆవిడ "పొట్టి మేడమ్".

మధ్యలో ఇంటికి ఫోన్ చేస్తే మాస్టారు "అంతా బాగుంది" అనేవారు. పాపని పిలవమంటే "నిద్రపోతోంది" అనేవారు.

కోత ముగించి ఇంటికొచ్చిన మర్నాడు పాపకి స్నానం చేయిస్తుంటే, పొట్ట మీద కుడివైపు గులాబీరంగు గీత కనిపించింది. పక్కన కుట్ల చుక్కలు. పిన్ని చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది.

"ఇదేమిటమ్మా?"

"ఆపరేషన్" అంది పాప. "నాన్న నీకు చెప్పొద్దన్నారు. నేను చెప్పలేదు. నువ్వే చూశావు."

అపెండిక్స్. రేపో మాపో పగిలేలా ఉందని అప్పటికప్పుడు కోశారట. పిన్ని వంటింట్లోకి వెళ్ళి భర్త ముందు నిలబడింది. ఎందుకు చెప్పలేదు అని అడిగింది. "నువ్వు కంగారు పడతావని" అన్నారు మాస్టారు, గిన్నె తుడుస్తూ. అంతే, ఇంకో మాట లేదు. తిట్టుకున్నా, కొట్టుకున్నా బాగుండేది. ఆ ఒక్క మాటతో ఆవిడకి తోచింది వేరు. నేను లేకపోయినా వీళ్ళకి జరిగిపోతుంది. పిల్ల కడుపు కోసినా నాతో పని పడలేదు. తర్వాతి కోతకి పిలుపొస్తే వెళ్ళనంది. మాస్టారే మంచం కింద నుంచి పెట్టె లాగి, కోటు మడిచి పెట్టారు. వెళ్ళింది. ఆ తర్వాత ఎన్ని దేశాలు తిరిగినా, ఇంటికి చేసిన ప్రతి ఫోన్‌లోనూ "అంతా బాగుంది" అని ఆయన అనగానే "నిజంగానే?" అని ఈవిడ అనేది. ఆ మాట అలవాటులో కలిసిపోయింది కానీ కరగలేదు.

భోజనం ఆవరణలో, పొడుగాటి చెక్క బల్లల మీద. పాత మొహాలు సగమే మిగిలాయి. పెద్దాయన ఉన్నాడు. మీసాలు నెరిసి పలచబడ్డాయి, చేతికర్ర వచ్చింది. పిన్నిని చూసి కర్ర పక్కనపెట్టి రెండు చేతులతో ఆవిడ భుజాలు పట్టుకున్నాడు. "పొట్టి మేడమ్ ఇంకా పొట్టిదైపోయింది" అన్నాడు వాళ్ళ భాషలో. "నువ్వు కూడా కుంగావులే పెద్దాయనా" అంది ఈవిడ.

ఆ చలి ఏటి వైన్ సీసాలు ఇంకా కొన్ని మిగిలాయట. ఒకటి తెరిచారు. గ్లాసు వంచి చూస్తే నడుమ ఎరుపు, అంచున ఇటుక రంగు. పిన్ని వాసన చూసి నిదానంగా నోట్లో పోసుకుంది. పడుచుదనంలో ఉన్న పొగరు పోయింది, ఎండిన పండ్ల తీపి మిగిలింది. ఇంకో రెండేళ్ళాగితే అదీ ఉండదు.

"ఎలా ఉంది?" అన్నారు మాస్టారు మెల్లిగా.

"మనలాగే" అంది పిన్ని. "చెడిపోలేదు."

మాస్టారుకి ఆ భాష రాదు. ఎవరేమన్నా పిన్నే చెవిలో తెలుగు చేసి చెబుతోంది. అయినా పెద్దాయన ఎదురుగా వచ్చి కూర్చోగానే, మర్యాదకని మాస్టారు గొంతు సవరించుకుని ఆ భాషలో ఒక ముక్క అన్నారు. "నేను ఆమె భర్తని."

పెద్దాయన గ్లాసు కింద పెట్టాడు. మాస్టారు మొహంలోకి తేరిపార చూశాడు. తర్వాత బల్ల అదిరేలా నవ్వడం మొదలుపెట్టాడు. అటూ ఇటూ ఉన్న వాళ్ళని పిలిచి ఏదో గబగబా చెప్పి, "ఈ గొంతే, ఈయనే" అన్నాడు. తర్వాత అందరికీ వినబడేలా కథ ఎత్తుకున్నాడు. పిన్ని అలవాటు కొద్దీ భర్త చెవిలో తెలుగు చెబుతూ పోయింది.

"టాంకు ఆగిపోయిన ఏడుట... మధ్యాహ్నం పూట నేలమాళిగలో గోడ ఫోన్ మోగిందిట. ఎవడో ఈ భాష అక్షరం ముక్క రానివాడు, బట్టీపట్టిన పాఠం అప్పజెప్పినట్టు మాట్లాడాడుట. 'నేను ఆమె భర్తని. పాపకి ఆపరేషన్ అయింది. పాప బాగా మాగింది. ఆమెకి చెప్పకండి. వైన్ ఎలా ఉంది?' అన్నాడుట. బాగుంది అనబోయి మాగింది అన్నాడని వీళ్ళంతా..."

అక్కడ పిన్ని తెలుగు చెప్పడం ఆపేసింది. బల్ల చుట్టూ అందరూ నవ్వుతున్నారు. మాస్టారు బల్లగుడ్డ మీద ఎవరో ఒలికించిన మరకని వేలితో రుద్దుతున్నారు.

పెద్దాయన ఆపలేదు. ఆ భర్త రోజూ అదే వేళకి ఫోన్ చేసేవాడట. "వైన్?" అని ఒక్క మాట. లేదు అంటే లేదని, కొంచెం అంటే కొంచెమని విని పెట్టేసేవాడట. ఒక రోజు టాంకు మళ్ళీ పొంగింది. ఆ సంగతి ఎలా చెప్పాలో తెలియక, పెద్దాయన తీగ సాగినంత మేర సాగదీసి, రిసీవర్‌ని టాంకు గోడకి ఆనించాడట. "అవతల ఒక పిల్ల నవ్వింది" అన్నాడు పెద్దాయన. "ఇప్పటికీ గుర్తు నాకు. ఈ మేడమ్ పైనుంచి నన్ను తిడుతూనే ఉంది. నేను చెప్పలేదు. మాటిచ్చాను కదా మరి. తర్వాత ఆయనే చెప్పి ఉంటాడనుకున్నాను."

పిన్నికి ఆ తిట్టు గుర్తొచ్చింది. చెక్కల మీంచి కిందకి చూస్తే ఈ పెద్దమనిషి ఫోన్‌ని గోడకి ఆనించి నిలబడ్డాడు. మతిపోయిందా, ఫోన్ తడుస్తుంది అని అరిచింది తను. అరిచి మళ్ళీ టాంకులోకి తిరిగిపోయింది.

భోజనం సర్దుతుండగా ఇద్దరూ షెడ్డు వెనక సిమెంటు గట్టు మీద కూర్చున్నారు. ఎండ వాలుతోంది.

"బడిలో ఆ భాష కాస్త నేర్చుకున్న మాస్టారొకడు ఉండేవాడు, రాసిచ్చాడు" అన్నారు మాస్టారు. "రెండు రోజులు బట్టీపట్టాను. ఆ మాగింది సంగతి నాకిప్పటిదాకా తెలీదు. వాడు తప్పు రాశాడో, నేను తప్పు చదివానో."

"పిల్ల నవ్విందిట."

"డిశ్చార్జయిన రోజది. ఆస్పత్రి ఎదురుగా ఐఎస్‌డీ ఫోన్ బూత్ ఉండేది కదా. దుప్పట్లో చుట్టి ఎత్తుకుని వెళ్ళాను. మా అమ్మ తిట్టిపోసింది, గాలి తగులుతుందని. చెవి దగ్గర పెట్టి, ఇది అమ్మ వైన్ చప్పుడే అన్నాను."

"మరి ఇంటికొచ్చినప్పుడు నాకెందుకు చెప్పలేదు ఇదంతా? కంగారు పడతావని అన్నారు. అంతే అన్నారు."

మాస్టారు కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచారు. "నువ్వు చాలా కోపంగా ఉన్నావు. నేను చేసింది గొప్పగా చెప్పుకున్నట్టు ఉంటుందనిపించింది. పైగా భయపడింది నీ కంగారుకి కాదు. చెబితే వచ్చేస్తావు. వచ్చేస్తే టాంకు పోతుంది. టాంకు పోతే నువ్వు మళ్ళీ ఎక్కడికీ వెళ్ళవు. నాకు తెలుసు కదా నీ సంగతి. ఇంట్లోనే ఉండి, జన్మంతా కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండేదానివి."

పిన్ని ఊదారంగు ఎప్పుడో వదిలిన తన అరచేతుల వంక చూసుకుంది.

"వచ్చేసేదాన్నే" అంది. "మళ్ళీ వెళ్ళేదాన్ని కాదు, అదీ నిజమే. కానీ అది నేను తేల్చుకోవలసింది మాస్టారూ. నా పిల్ల, నా టాంకు. రెండిట్లో ఏది వదలాలో నా తరఫున మీరెలా తేలుస్తారు?"

"తప్పే" అన్నారాయన. వెంటనే అన్నారు, ఎప్పటినుంచో సిద్ధంగా పెట్టుకున్న మాటలా. "అప్పుడూ తప్పని తెలుసు. తెలిసే చేశాను."

పిన్ని కోపం తెచ్చుకుందామని చూసింది. ఇన్నేళ్ళూ భద్రంగా ఉంచుకున్నది, తీరా కావలసొచ్చేసరికి చేతికి అందలేదు. దాని చోట ఇంకేదో ఉంది. తను లేకుండా గడిచిపోయిందనుకున్న ఆ రోజుల్లో, ఒక మనిషి రోజూ మధ్యాహ్నం బూత్ ముందు వరసలో నిలబడి, అర్థంకాని భాషలో ఒక్క మాట అడగడానికి ఎదురుచూశాడు. అవతల తను చెక్కల మీద ఒంటరిగా ఉన్నాననుకుంది.

"పాతికేళ్ళు 'నిజంగానే?' అని అడిగించారు నాచేత" అంది.

"అడిగినప్పుడల్లా నిజమే చెప్పాను. ఆ తర్వాత ఒక్క అబద్ధం ఆడలేదు. మా అమ్మ జారిపడి చెయ్యి విరగ్గొట్టుకుంటే, ఆవిడ వద్దంటున్నా వినకుండా నీకు ఫోన్ చేశాను. గుర్తుందా?"

గుర్తుంది. అప్పుడు విమానం పట్టుకుని వచ్చేసింది. వస్తే అత్తగారు కట్టుతోనే కూర్చుని "దీనికోసం అంత దూరం నుంచి వచ్చావా? అక్కడ ఉమ్మడానికి ఎవరున్నారిప్పుడు?" అని దెప్పింది. తలుచుకోగానే పిన్నికి నవ్వొచ్చింది. మాస్టారు కూడా నవ్వారు. ఆ నవ్వు మధ్యలోనే ఆయన కళ్ళు తడిశాయి. మళ్ళీ కళ్ళజోడు తుడుచుకున్నారు.

గదికొచ్చి పిన్ని కూతురికి ఫోన్ చేసింది. చిన్నప్పుడు ఆపరేషన్ అయ్యాక, ఫోన్‌లో ఏదో చప్పుడు విన్నావట, గుర్తుందా అని అడిగింది.

"ఏం చప్పుడమ్మా?" అంది కూతురు. "నాకేం గుర్తులేదు. నర్సు బిస్కెట్లిచ్చింది. బామ్మ, నాన్న దెబ్బలాడుకున్నారు. అంతే. ఏమైంది, అక్కడంతా బాగానే ఉందా?"

"బాగానే ఉంది."

మర్నాడు ఉదయం, నేలమాళిగకి తాళం వేసేముందు చూసొస్తామని తాళంచెవి అడిగి తీసుకున్నారు. లోపల దీపం ఒకటే వెలుగుతోంది. పీపాలన్నీ కొత్త భవనానికి తరలించేశారు, అవి ఉన్నచోట నేల మీద గుండ్రటి గుర్తులు మిగిలాయి. గోడ మీద ఫోన్ లేదు. అది ఉన్నచోట రెండు మేకుల బొక్కలు, వాటి చుట్టూ కొంచెం తెల్లటి చదరం. మాస్టారు అక్కడ నిలబడి గోడని తడిమారు.

"నువ్వెక్కడుండేదానివి?"

"అదుగో, పైన."

ఆయన నిచ్చెన వైపు నడిచారు. వద్దండీ, పడతారు అంది పిన్ని. వినలేదు. ఒక్కో మెట్టూ ఆగి ఆగి ఎక్కారు. పిన్ని కింద నిచ్చెన రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. ఆయన పైకి చేరి, చెక్క అంచు పట్టుకుని, ఖాళీ టాంకులోకి వంగి చూశారు. చాలాసేపు చూశారు.

"ఇంత లోతు ఉంటుందనుకోలేదు" అన్నారు. ఆ మాట లోపల గుండ్రంగా తిరిగి కిందకి వినబడింది.

"నిండుగా ఉన్నప్పుడు తెలీదు" అంది పిన్ని. "ఎడమ పక్క చెక్క కొంచెం వదులు. అటు కాలు వెయ్యకండి."

ఆయన చెక్కల మీద మెల్లిగా కూర్చుని, పక్కన చోటు చేత్తో దులిపారు. పిన్ని చెప్పులు విడిచి మొదటి మెట్టు మీద కాలు పెట్టింది.